ఏటి వంపు దగ్గర నిద్రపోయేవాళ్ళు

శల్మత్ మొగుడు జబ్దా తెప్పలు నడిపేవాడు. గాలి ఊదిన మేకతోలు తిత్తులు రెండు వందలు వరసగా కట్టి, వాటి మీద కర్రలు పరిచి, ఆ పైన ఎగువ ఊళ్ళ రేవుల్లో గోధుమలో, ద్రాక్షారసం జాడీలో ఎక్కించుకుని యూఫ్రటీసు మీద కిందికి పోయేవాడు. సరుకు దించాక కర్రలు కూడా అక్కడే అమ్మేసి, గాలి తీసిన తిత్తులు గాడిద మీద వేసుకుని, ఇరవై రోజులు నడిచి ఇల్లు చేరేవాడు. వచ్చినప్పుడు ఒళ్ళంతా మేకకొవ్వు వాసన. శల్మత్ ముక్కు మూసుకుని నీళ్ళు కాచేది.

పదకొండేళ్ళ కాపురంలో పిల్లలు కలగలేదు. ఇద్దరి మధ్యా ఉన్న పెద్ద తగువు ఒకటే. శల్మత్ చిన్నప్పుడే బాప్తిస్మం పొందింది. జబ్దా మాత్రం ఇంకా వినేవాళ్ళలోనే ఉన్నాడు. అంటే ఆదివారం వాక్యం చదివేదాకా గుడిలో తలుపు పక్కన నిలబడడం, ప్రభువు బల్ల మీద రొట్టె పెట్టే వేళకి "వినేవాళ్ళు బయటికి వెళ్ళండి" అని కేక వినబడగానే మిగతావాళ్ళతో కలిసి బయటికి నడవడం. బాప్తిస్మం ఇచ్చేది ఏడాదికి ఒక్కసారి, పునరుత్థాన పండగకి. ఆ పండగ వచ్చేది సరిగ్గా కొండల్లో మంచు కరిగి ఏరు పొంగేటప్పుడు. తెప్పలు నడిచేదీ అప్పుడే.

"ఈ యేడైనా బాప్తిస్మానికి పేరు ఇవ్వవయ్యా," అనేది శల్మత్. "నలభై రోజుల ఉపవాసం నీతోపాటు నేనూ ఉంటాను."

"ఉపవాసం ఉంటే రెండు వందల తిత్తులు ఎవరు ఊదుతారే? మీ గుడి పెద్దయ్య వచ్చి ఊదుతాడా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"అదుపులో పెట్టుకుంటే అసలు ఊదలేను. నీళ్ళు తగ్గాక చూద్దాంలే."

"నీళ్ళు తగ్గేసరికి పండగ అయిపోతుంది కదా."

"అందుకే వచ్చే యేడు చూద్దాం అంటున్నా."

పన్నెండో ఏట నీళ్ళు తగ్గకముందే కబురు వచ్చింది. ఆ కబురు మోసుకొచ్చింది అతని అన్న బర్‌హదద్. ఇద్దరూ ఒకే తెప్ప మీద పోయారు. ఊరికి ఎగువన సన్నగండి దగ్గర తెప్ప బండకు కొట్టుకుని విడిపోయింది. బర్‌హదద్ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

"చెయ్యి దొరికింది శల్మత్," అన్నాడు. "దొరికింది. మణికట్టు దాకా పట్టుకున్నాను. కొవ్వు రాసుకున్న చెయ్యి, జారిపోయింది. మూడు రోజులు రెండు గట్లూ వెతికాం. ఎక్కడా తేలలేదు."

ఆమె ఏడవలేదు. పొయ్యి మీద పప్పు మాడుతుంటే దించి పక్కన పెట్టింది. బావగారికి కూర్చోమని చాప వేసింది. ఆయన కూర్చున్నాక, ఇంకేం చెయ్యాలో తెలియక, చేత్తో చాప అంచు సరిచేస్తూ ఉండిపోయింది.

ఆ ఊళ్ళో ఎవరైనా పోతే మూడోనాడు, తొమ్మిదోనాడు, ముప్పయ్యోనాడు సమాధి దగ్గరికి రొట్టె, పప్పు, కాస్త ద్రాక్షారసం పట్టుకెళ్ళి అక్కడే కూర్చుని తింటారు. దారిన పోయే బీదవాళ్ళకీ పెడతారు. కబురు వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి శల్మత్ మూడోనాడు అన్నీ వండింది. బుట్ట నెత్తిన పెట్టుకుని గుమ్మం దాటాక ఎటు వెళ్ళాలో అర్థం కాలేదు. చివరికి ఏటి గట్టుకి పోయి కూర్చుంది. అక్కడ గుడ్డలు ఉతికే ఆడవాళ్ళు మాటలాపి, గుడ్డలు సగంలో పిండుకుని, ఒకరి తరవాత ఒకరు లేచి వెళ్ళిపోయారు. ఆమె ఒక ముక్క తిని మిగతాది నీళ్ళలో వేసింది. చేపలు వచ్చాయి. అవి ఎగబడి తినడం చూసి ఆమె ఖాళీ బుట్ట తీసుకుని లేచిపోయింది.

మర్నాడే పెద్దయ్య దగ్గరికి వెళ్ళింది. పెద్దయ్య అంటే ఆ ఊరి సంఘపెద్ద అబ్షలామా. డెబ్భై దాటినవాడు. అంతకు ముందటి తరంలో చక్రవర్తి మనుషులు గ్రంథాలు తగలబెట్టడానికి వచ్చినప్పుడు వాళ్ళు విరగ్గొట్టిన కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. పెరట్లో ఉల్లినారు పీకుతున్నాడు.

"పెద్దయ్యా, మా ఆయన ఇప్పుడు ఎక్కడున్నట్టు?"

ఆయన పని ఆపి, మట్టి చేతులు మోకాళ్ళకి తుడుచుకున్నాడు. "నిద్రపోతున్నాడమ్మా. పోయినవాళ్ళందరూ నిద్రపోతున్నారు. మంచివాళ్ళూ, కానివాళ్ళూ. అంతిమదినాన బూర ఊదేదాకా ఎవరికీ ఏమీ తెలియదు. ఆదాము లేచేదీ అప్పుడే, మీ ఆయన లేచేదీ అప్పుడే. ఎవరూ ముందు లేవరు."

"ఆ నిద్రలో బాధ ఉండదా?"

"సుంకం చావడి దగ్గర తెప్పలు కట్టేసుకుని తెల్లారేదాకా పడుకుంటారే, అలాంటిదనుకో. సరుకు సరిగ్గా ఉన్నవాడు హాయిగా పడుకుంటాడు. కింద ఏదో దాచినవాడు దొర్లుతూ ఉంటాడు. పడుకోవడం మాత్రం ఇద్దరూ పడుకునే ఉంటారు."

"ఆయన ఏమీ దాచలేదు పెద్దయ్యా. పేరు ఇవ్వలేదు, అంతే."

ఆయన మళ్ళీ నారు మీదికి వంగాడు. ఆమె ఇంకా కదలకపోతే, "ఇంకేంటమ్మా?" అన్నాడు.

"చేపలు తినేసిన ఒళ్ళు ఎలా లేస్తుంది?"

"మొదట మట్టితో చేసినవాడికి ఏ మట్టి ఎక్కడ పెట్టాడో గుర్తుండదా?"

"ఉంటుంది. కానీ ఆ చేపని నేను తిన్నాననుకోండి. అప్పుడు ఆయన ఒళ్ళు ఆయనదా, నాదా?"

పెద్దయ్య నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "దేవుడికి లెక్క తప్పదు తల్లీ," అన్నాడు చివరికి. "ఇంటికెళ్ళు."

ఆ రోజు నుంచి ఆమె చేప ముట్టలేదు. ఏటి ఒడ్డున పుట్టిన ఊరు. ముక్క లేని రోజు ఉంటుందేమో గానీ చేప లేని రోజు ఉండదు. తోడికోడలు నూహ్రా మొదట్లో బతిమాలింది, తరవాత విసుక్కుంది. "ఊళ్ళో అందరం తింటున్నాం. అంటే మేమందరం నీ మొగుణ్ణి తింటున్నామనా నీ ఉద్దేశం?" అంది ఒక రోజు పదిమందిలో. ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో శల్మత్ వాళ్ళింటికి వెళ్ళడం తగ్గించింది. తనే ఉన్ని ఏకి, వడికి, ఉల్లిపాయా బార్లీ రొట్టే తిని, పెందలాడే తలుపు వేసుకునేది.

ముప్పయ్యోనాటి తరవాత వచ్చిన ఆదివారం, పోయినవాళ్ళ పేర్లు బల్ల ముందు చదివేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. ఆ ఏడాది పోయిన ముసలమ్మ పేరు చదివారు. పురిట్లో పోయిన పిల్ల పేరూ చదివారు. జబ్దా పేరు రాలేదు. బాప్తిస్మం లేనివాడి పేరు చదవరు. ఆ సంగతి ఆమెకి ముందే తెలుసు. తెలిసీ విన్నది.

శీతాకాలంలో ఉన్ని కొనడానికి వచ్చిన ఒక ఆవిడ తెల్ హవ్రా సంగతి చెప్పింది. రోజున్నర నడక. అక్కడివాళ్ళూ క్రీస్తునే కొలుస్తారట. కానీ మర్కియోను అనే బోధకుడు చెప్పిన దారి, వేరే సంఘం. వాళ్ళు మాంసం తినరు, ద్రాక్షారసం ముట్టరు, పెళ్ళాడరు. బాప్తిస్మం లేకుండా ఎవరైనా పోతే పాడె కింద బతికున్న మనిషిని పడుకోబెడతారట. బోధకుడు శవాన్ని అడుగుతాడు, బాప్తిస్మం కావాలా అని. కింద ఉన్నవాళ్ళు అతని తరఫున "కావాలి" అంటారు. అతని బదులు ఆ మనిషికే బాప్తిస్మం ఇస్తారు. అది పోయినవాడికి చెల్లుతుందట.

"శవం లేకపోతే?" అని అడిగింది శల్మత్.

"బట్ట పెడతారనుకుంటా. వెళ్ళి అడుగు. మంచివాళ్ళే."

నిజంగానే మంచివాళ్ళు. శల్మత్ జబ్దా పాత కంబళి చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళేసరికి, ఎవరివమ్మా, ఎందుకొచ్చావని గుమ్మంలో నిలదీయకుండా ముందు కాళ్ళు కడిగారు. ఆ ఊరి ఆడవాళ్ళంతా అక్కచెల్లెళ్ళలా ఒకే పెద్ద ఇంట్లో ఉండేవారు. ఒకావిడ ఆమె తల దువ్వింది. ఎనిమిది నెలల తరవాత ఆమె తల మీద ఇంకొకరి చెయ్యి పడడం అదే మొదలు. కళ్ళు మూసుకుని ఊరుకుంది. కళ్ళు తెరిచేసరికి ముందు పళ్ళెంలో కాల్చిన చేప ఉంది. మాంసం తినరు గానీ చేప తింటారు వాళ్ళు.

"తిను అక్కా, పొద్దున పట్టిందే."

ఆమె పళ్ళెం పక్కకి జరిపింది. ఎందుకని అడిగితే చెప్పింది. ఎవరూ నవ్వలేదు. వాళ్ళ బోధకుడు లాజర్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు.

"ఆ బెంగ ఇక్కడితో వదిలెయ్యమ్మా," అన్నాడు. "ఒళ్ళు అనేది చెర. ఈ లోకాన్ని చేసింది వేరే దేవుడు, మట్టి దేవుడు; ఒళ్ళు ఆయన చేసిన మట్టి. అది లేచేది లేదు, లేవాల్సిన పనీ లేదు. చేపలు తింటే తిననీ. ఆత్మ ఒక్కటే పైకి పోతుంది, మంచి దేవుడి దగ్గరికి."

మొదట ఆమె గుండెల మీంచి బండ దించినట్టయింది. అయితే చేపల లెక్క అక్కర్లేదన్నమాట. చెయ్యి చాపి పళ్ళెం దగ్గరికి లాక్కోబోయి ఆగింది.

"అక్కడ ఆయనకి చేతులుంటాయా అయ్యా?"

"ఉండవమ్మా. బరువే ఉండదు. మొగుడు లేదు, పెళ్ళాం లేదు. ఆ ముడులన్నీ ఇక్కడివే."

శల్మత్ జబ్దా అరచేతుల గురించి ఆలోచించింది. తాళ్ళు ముడివేసి ముడివేసి ఎండిన తోలులా అయిన చేతులు. వీపు దురదపెడితే గోళ్ళతో పని లేదు, అరచెయ్యి ఒకసారి రాస్తే చాలు. అది చెప్పడానికి సిగ్గేసింది. "మరి నన్ను ఎలా పోల్చుకుంటాడు?" అని మాత్రం అడిగింది.

"పోల్చుకోవలసిన అవసరమే ఉండదు," అన్నాడు లాజర్, చాలా దయగా.

ఆమె చేప తినలేదు. అయినా మర్నాడు పొద్దున పాడె కింద పడుకుంటానంది. అంత దూరం వచ్చింది, ఆయనకి ఏదో ఒకటి చెయ్యాలి కదా. "మావాళ్ళు ఎవరైనా పడుకుంటారమ్మా," అన్నాడు లాజర్. ఆమె ఒప్పుకోలేదు. ఆయన గొంతు తెలిసినవాళ్ళే ఆయన తరఫున చెప్పాలంది.

ఎండ బాగా ఎక్కాక వాకిట్లో పాడె దించారు. దాని మీద కంబళి పరిచారు. శల్మత్ కిందికి దూరి వెల్లకిలా పడుకుంది. కర్రల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా ఒంటి మీద పడింది. కంబళిలోంచి ఇంకా మేకకొవ్వు వాసన వస్తోంది. చుట్టూ పాదాలు. లాజర్ పాదాలు తలవైపు వచ్చి ఆగాయి.

"జబ్దా, నీకు బాప్తిస్మం కావాలా?"

అతని బదులు ఆమె జన్మంతా ఎన్నో మాటలు చెప్పింది. చుట్టాలొస్తే ఆయనకి ఒంట్లో బాగాలేదని చెప్పింది. అన్నతో మాటామాటా పెరిగితే క్షమించమంటున్నాడని తనే వెళ్ళి చెప్పింది. అతను ఏ రోజూ అలా అనలేదు. ఇదీ అలాంటిదే అనుకుంది.

"జబ్దా, నీకు బాప్తిస్మం కావాలా?"

పక్కన నిలబడ్డ ఒకావిడ వంగి, "చెప్పు అక్కా," అని గుసగుసగా అంది.

మూడోసారి అడిగేసరికి శల్మత్ కిందనుంచే అంది: "అయ్యా, ఆయన్ని అడిగితే 'చూద్దాం' అనేవాడు. పదకొండేళ్ళు అడిగాను. ఒక్కసారి కూడా 'కావాలి' అనలేదు. అనని మాట నేను అంటే, లేచాక నాతో తగువు పెట్టుకుంటాడు."

ఎవరో నవ్వారు. పాడె కింద ఆమెకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. కబురు వచ్చిన నాటి నుంచి రాని ఏడుపు. లాజర్ పాడె పక్కకి తీయించి, ఆమెని లేవదీశాడు. ఇష్టం వచ్చినన్నాళ్ళు ఉండమన్నాడు. తల దువ్విన ఆవిడ దారికి రొట్టెలు కట్టి ఇచ్చి, పొలిమేర దాకా వచ్చి, "ఉండిపోరాదూ," అంది. శల్మత్‌కి ఉండిపోవాలనే ఉంది. వెనక్కి చూస్తే ఆగిపోతానని, చూడకుండా నడిచింది.

సంగతి ఆమె కంటే ముందే ఊరు చేరింది. పెద్దయ్య పిలిపించాడు.

"నీళ్ళలో దిగావా?"

"లేదు."

"ఆయన తరఫున ఏమైనా పలికావా?"

"లేదు. పలకడానికే వెళ్ళాను."

"వెళ్ళడమే తప్పమ్మా," అన్నాడాయన. తప్పని చెప్పడానికి ఆయన కష్టపడ్డట్టు కనిపించింది. "మూడు పండగల దాకా నీకు బల్ల లేదు. వినేవాళ్ళతో నిలబడు."

అలా శల్మత్ గుడి తలుపు పక్కకి వచ్చింది. జబ్దా పదకొండేళ్ళు నిలబడ్డ చోటు అది. వాక్యం సగం సగమే వినబడేది. అక్కడినుంచి చూస్తే తలుపు సందులోంచి ఏరు కనిపిస్తుందని ఆమెకి అంతవరకూ తెలియదు. అంత సేపూ జబ్దా చూసింది ఏటినే అని అర్థమయింది. పేరుపేరునా పలకరించే ఆడవాళ్ళు ఆమెని దాటుకుని లోపలికి పోయేవారు. వినేవాళ్ళంతా కుర్రకారు, కొత్తగా చేరినవాళ్ళు. వాళ్ళకీ ఆమెతో మాటలేం ఉంటాయి? కేక వినబడగానే బయటికి వచ్చి, ఒంటరిగా గట్టు వెంబడే ఇంటికి నడిచేది.

అలా నడుస్తుండగానే రెండో ఏడు పొంగులో ఒక శవం కనిపించింది. ఏరు పెద్ద వంపు తిరిగే చోట రెల్లులో చిక్కుకుంది. పొంగు నాటికి అది మామూలే. జాలరులు అలాంటివాటిని గెడతో మళ్ళీ ప్రవాహంలోకి తోసేసేవారు. కింది ఊరివాళ్ళు చూసుకుంటారని వాళ్ళ ధీమా. కింది ఊరివాళ్ళూ అదే చేసేవారు. ఇద్దరు జాలరులు గెడ ఎత్తుతుంటే శల్మత్ మోకాటి లోతు నీళ్ళలోకి దిగింది.

"ఆగండి. చేతులు చూడనివ్వండి."

చూసింది. మెత్తటి చేతులు. తాడు పట్టినవి కావు.

"నీ మొగుడా?" అని అడిగాడు పెద్ద జాలరి.

"కాదు."

"మరి పక్కకి రా."

"ఈయన బాగా పొడుగు. ఒక్కదాన్నే మొయ్యలేను. కాళ్ళు పట్టండి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత కాళ్ళు పట్టారు. గట్టు మీద ఆమె ఆ శవాన్ని కడిగి, తన దగ్గరున్న నారబట్ట చుట్టి, నేల గట్టిగా ఉన్న మెరక మీద గొయ్యి తవ్వించి, మొహం తూర్పుకి తిప్పి పడుకోబెట్టింది. ప్రభువు తూర్పునుంచే వస్తాడని వాళ్ళ నమ్మకం. పెద్దయ్య కాలు ఈడ్చుకుంటూ వచ్చి కాసేపు నిలబడ్డాడు.

"ఏ దేవుడి వాడో తెలియదు కదమ్మా. నేనేం చదవను?"

"ఏం చదవకండి పెద్దయ్యా. ఊరికే నిలబడండి."

ఆయన నిలబడ్డాడు. ఆ తరవాత తను పోయేదాకా, ప్రతి పొంగుకీ ఎవరో ఒకరు దొరికినప్పుడల్లా వచ్చి నిలబడ్డాడు. మూడు పండగలూ అయ్యాక శల్మత్‌ని మళ్ళీ బల్ల దగ్గరికి రానిచ్చారు. ఆమె వెళ్ళింది గానీ, పాత స్నేహాలు తిరిగి రాలేదు. శవాలు ముట్టుకునే మనిషని ఆడవాళ్ళు ఆమె వడికిన ఉన్ని కొనడం మానేశారు. నూహ్రా మాత్రం ఏడాదికోసారి నారబట్ట ఒకటి గుమ్మంలో పెట్టి, పిలవకుండా వెళ్ళిపోయేది.

మొదటి నాలుగైదేళ్ళు శల్మత్ జబ్దా కోసమే వెతికింది. ఆ తరవాత లెక్క ప్రకారం ఏ శవమూ అతనిది కావడానికి వీల్లేదు. అయినా ప్రతిసారీ ముందు చేతులే చూసేది. ఎవరి గుర్తు ఏమిటో ఆమెకి కంఠతా వచ్చు. పెదవి చీలినవాడు, కాలికి రాగి కడియం ఉన్న పిల్ల, నెరిసిన గడ్డంలో ఇంకా పూసలు అల్లి ఉన్న ముసలివాడు. ఇరవై రెండేళ్ళలో మెరక మీద ముప్పయ్యొక్క మట్టిదిబ్బలు లేచాయి.

ఆ ఇరవై రెండో ఏట, వసంతం మొదట్లో, ఎగువ ఊళ్ళ వైపు నుంచి ఒక ముసలావిడ బిడారుతో వచ్చి ఆమె గుమ్మంలో గాడిద దిగింది. పేరు బత్నాయ్. తెప్పలవాళ్ళ నోట శల్మత్ సంగతి విన్నదట.

"మావాడు కలప నరికేవాడమ్మా. తొమ్మిదేళ్ళయింది. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. చొక్కా అంచుకి నీలం ఉన్నితో నేనే కుట్టాను, వంకరగా. నాకు కళ్ళు సరిగ్గా ఆనవు."

శల్మత్ ఆమెని చెయ్యి పట్టుకుని మెరక మీదికి తీసుకెళ్ళింది. నాలుగో వరసలో చివరిది చూపించింది. "నీలం కుట్టు వంకరగానే ఉంది," అంది. "విప్పలేదు. దానితోనే పడుకోబెట్టాను."

బత్నాయ్ మట్టి మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది. తరవాత మూట విప్పి రొట్టె, పప్పు తీసింది. శల్మత్ దూరంగా నిలబడి చూసింది. ఆమెకి సంతోషంగా లేదు. లోపల సన్నగా మండింది. ముప్పయ్యొక్క మందిని కడిగినదానికి ఒక్క మట్టిదిబ్బ దక్కలేదు, నిన్నగాక మొన్న వచ్చినావిడకి దక్కింది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడ్డా మంట పోలేదు.

"రా అమ్మా, కూర్చో," అంది బత్నాయ్. "ఒక్కదాన్నే ఎలా తింటాను?"

ఇద్దరూ తిన్నారు. కొంతసేపయ్యాక శల్మత్ అడిగింది: "మీవాడు కలలోకి వస్తాడా?"

"ఎందుకు రాడు? మొదట్లో రోజూ వచ్చేవాడు, తడిసిన బట్టలతో. గుమ్మంలో నిలబడి నీళ్ళు కారుస్తూ చూసేవాడు. లోపలికి రారా అంటే వచ్చేవాడు కాదు." ముసలావిడ రొట్టె ముక్క నములుతూ ఆలోచించింది. "కొన్నేళ్ళ కిందట మానేశాడు. మర్చిపోయాడేమో అని ఏడ్చాను. నీకు వస్తాడా, మీ ఆయన?"

"ఒక్కసారీ రాలేదు."

"ఒక్కసారీ?"

"ఇరవై నాలుగేళ్ళు. ఒక్కసారీ రాలేదు."

బత్నాయ్ ఆమె మొహంలోకి చూసింది. "అయితే బాగా పట్టిందమ్మా నిద్ర," అంది. "మావాడే దొర్లాడు పాపం."

అదివరకు ఆ మాట ఎవరూ అనలేదు. శల్మత్ పప్పు గిన్నె అడుగున మిగిలింది రొట్టెతో తుడిచి ముసలావిడకే ఇచ్చింది.

బిడారు మధ్యాహ్నానికి బయల్దేరింది. బత్నాయ్‌ని గాడిద ఎక్కించి, దుమ్ము అణిగేదాకా శల్మత్ బాట మీదే నిలబడింది. ఇంట్లోకి వెళ్ళబుద్ధి కాలేదు. ఏటి రంగు అప్పటికే మారింది, పైన మంచు కరగడం మొదలయింది. రెల్లు వైపు ఒకసారి చూసి రావాలని కొంగు నడుముకి బిగించి, గట్టు దిగింది.